పళ్ళాసుపత్రిలో మిట్టమధ్యాహ్నం

బ్రాడీపేటలో మా ఫెబా డాక్టరమ్మ పళ్ళాసుపత్రికి వచ్చేవాళ్ళలో సగంమంది పళ్ళకోసం రారండీ. హాల్లో ఉన్న ఉప్పునీళ్ళ గాజుతొట్టి చూడ్డానికి వస్తారు. మిగతా సగం నా మాటలు వినడానికి వస్తారు. నేనంటే ఆ ఆసుపత్రి ఆయాని, రెబ్కమ్మని. తాళం తీసేదీ నేనే, ఊడ్చేదీ నేనే, డాక్టరమ్మ మంగళగిరి నుంచి వచ్చేదాకా జనాన్ని లేచి పోకుండా కూచోబెట్టేదీ నేనే. నేను నోరు తెరిస్తే సూది మందు అక్కర్లేదని డాక్టరమ్మే అంటుంది. అంటే, మనసులో అనుకుంటుంది.

ఆ రోజు ముసురు. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందో, గుంటూరు గుంటూరంతా తడిగుడ్డ వాసన. హాల్లో మా చర్చి యేసుపాదం దవడ గుమ్మడికాయలా వాచిపోయి, నోట్లో దూది కుక్కుకుని కూచున్నాడు. పక్కన పర్చూరు వైపునుంచి వచ్చిన రాఘవమ్మ, పత్తిరైతు. పక్క కొట్టు బుడాన్ టీలు పట్టుకొచ్చి, ఇచ్చేసి పోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అప్పుడు వచ్చాడు యూసుఫ్, చేపల తొట్లు బాగుచేసే మనిషి, చంకలో పొడుగాటి అట్టపెట్టెతో.

"ఏంటబ్బాయ్ అది?"

"ఎల్‌ఈడీ లైటు మామ్మా. డాక్టరుగారు తెమ్మన్నారు."

తొట్టి మీద బోర్లించిన గంగాళంలాంటి డొప్పలో వెలుగుతోందే, పాత మెటల్ హాలైడ్ దీపం, అది దిగిపోతే నా గతేం కాను? ఎందుకని ఇప్పుడే అడక్కండి. దీపం దిగకూడదు, అంతే. యూసుఫ్ స్టూలు లాక్కోబోతుంటే, వాడికంటే ముందు నేనే దాని మీద కూలబడ్డాను.

"కూచో నాయనా. ఆ దీపం సంగతి తెలీకుండా దాన్ని ముట్టుకోకూడదు."

"మామ్మా, నేను చెప్పేది..."

"నువ్వు తర్వాత చెబుదువుగాని."

రాఘవమ్మ గాజుకి ముక్కు ఆనించి చూస్తోంది. "అవునుగానీ పిన్నీ, ఈ ఊగేవి మొక్కలా, రాళ్ళా?"

"పగడాలమ్మా. రాయిలా ఉంటుంది, పువ్వులా ఊగుతుంది, పురుగులా తింటుంది. ఒంట్లోనే పాచిని పెంచుకుంటుంది, ఆ పాచికి ఎండ కావాలి. ఎండ చాలకపోతే ఇది వెలవెలబోతుంది. మొదట్లో ఈ తొట్టికి ఉన్నది ఎల్‌ఈడీయే, బుడ్డి లైటు, చల్లగా నీలంగా. కొన్నాళ్ళకి పగడాలు తాలుకాయల్లా తెల్లబోయాయి. మిర్చి యార్డులో తాలు ఏరి ఏరి నడుం వంగినదాన్ని, నాకు తెలీదా? డాక్టరమ్మా, వీటికి కాస్త ఎండ పెట్టించండి అన్నాను. ఈ హాలైడు దీపం పెట్టించింది. నేను చేసింది అంతే."

"అంతేనా?" అన్నాడు బుడాన్, కొంచెం నిరాశగా.

"అంతే అనుకున్నాను నేనూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్విచ్చి వేశాను. వెంటనే వెలగదు అది, మా ఆయన నిద్ర లేచినట్టు మూలుగుతూ మూలుగుతూ లేస్తుంది. లేచాక చూడాలి, అడుగున ఇసక మీద వెలుగు అలలు అలలుగా, వాడరేవులో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి మన కాళ్ళు మనం చూసుకున్నట్టే! ఆ వెలుగు కిటికీలోంచి రోడ్డు మీదికి పోయింది. అప్పుడు చీకటి పడుతోందా, ఎదురు మేడ మీద కోళ్ళు తెల్లారిందని కూశాయి, కోచింగు సెంటరు పిల్లలు ముఖాలు కడుక్కుని మళ్ళీ క్లాసులో కూచున్నారు. యార్డుకి పోయే మిర్చి లారీ ఒకటి మా కిటికీ ఎదురుగా ఆగింది. పచ్చి తేమ కాయ. డ్రైవరు టీ తాగి వచ్చేసరికి బస్తాల్లో కాయ గలగలమంటోంది. లోపలికొచ్చి నాకు దణ్ణం పెట్టాడు."

"నేను టీ పోసినట్టు గుర్తులేదే," అన్నాడు బుడాన్.

"నీకు ఎవరు గుర్తుంటారు, అరువు పెట్టినవాళ్ళు తప్ప!"

రాఘవమ్మ మాత్రం ఆశగా అడిగింది, "పిన్నీ, మా పత్తి కూడా తడిసింది. తెస్తే ఆరుతుందా?"

"పత్తి తేకు తల్లీ. ఈ దీపం ముందు పెడితే తనంతట తనే దారమై, బట్టై, చీరై బయటికొస్తుంది. అంచు మాత్రం మంగళగిరి పోయి వేయించుకోవాలి."

యేసుపాదం ముక్కు ఎగబీల్చి "ఊఁ" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఇంకాస్త జోరు పెంచాను.

"ఇక పగడాలంటావా, పొద్దున బొటనవేలంత ఉన్నది సాయంత్రానికి తొట్టి మూత ఎత్తేసింది. కత్తిరించాలంటే డాక్టరమ్మ పళ్ళు అరగదీసే మిషను తేవాల్సొచ్చింది. అప్పుడే తెనాలి నుంచి ముందుపన్ను లేని పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఊరికే పారెయ్యడం ఎందుకని ఓ ముక్క ఆయన చిగురులో గుచ్చాను. అతుక్కుంది! అతుక్కుని ఊరుకుంటేనా? పెరిగింది! ఇప్పటికీ నెలకోసారి వచ్చి పన్ను క్షవరం చేయించుకుపోతాడు. చెరువుగట్టు మీద నిలబడి నవ్వాడంటే చేపలన్నీ ఒడ్డుకొస్తాయి."

"మామ్మా, ఒక్క మాట..." అన్నాడు యూసుఫ్.

"ఇంత గొప్ప దీపం ఉండగా మళ్ళీ ఎల్‌ఈడీ ఎందుకు మామ్మగారూ?" అని బుడాన్ అడ్డొచ్చాడు.

"అడిగావు గదా, కిటుకంతా అక్కడే ఉంది. ఒక్క హాలైడే అయితే వేడి. ఓ రోజు నీళ్ళు కాగి చేపలు నన్ను తువ్వాళ్ళు అడిగాయి. ఎల్‌ఈడీ ఒక్కటే అయితే ఎప్పుడూ సాయంత్రమే, మధ్యాహ్నం ఉండదు. అందుకని అటకమీద పడేసిన పాత ఎల్‌ఈడీని తెచ్చి నా చేత్తో దీని పక్కన కట్టాను. పొద్దునా సాయంత్రం ఎల్‌ఈడీ, నడిమధ్యన హాలైడు. రెండూ కలిస్తేనే వాటికి ఓ పగలు. నీలం వెలుగులో పగడాలు పచ్చగా, నారింజపండు రంగుగా మెరిసిపోతుంటే బెంచీ మీద జనం కూచున్నవాళ్ళు కూచున్నట్టే నిద్రపోయారు, కదిలే పళ్ళు వాటంతటవే ఊడి ఒళ్ళో పడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడరేవు పల్లెకారులు ఆటోలు కట్టించుకుని వచ్చారు. 'మామ్మా, ఈ తొట్టే అసలు సముద్రమని చేపలన్నీ గుంటూరు దారి పట్టాయి, వాటి వెనక సముద్రమూ బయల్దేరింది, చీరాల స్టేషను దాకా వచ్చేసింది!' అని కాళ్ళు పట్టుకున్నారు. నేను తొట్టి మీద దుప్పటి కప్పానో లేదో, ఆ సముద్రం వెనక్కి తిరిగి బుద్ధిగా వెళ్ళిపోయింది. అదీ ఈ దీపం! అందుకని యూసుఫూ, దీన్ని దింపావంటే రేపు సముద్రానికి దారి తెలీదు. ఆ పాపం నీకెందుకు నాయనా?"

రాఘవమ్మ నోరు తెరిచి తొట్టినీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. నెగ్గాననే అనుకున్నాను. అప్పుడు యేసుపాదం, పొద్దున్నుంచీ పెదవి కదపని మనిషి, నోట్లోంచి దూది తీశాడు.

"అక్కా, నా నోరు పాడైందిగానీ ముక్కు బాగానే ఉంది. దీపం డొప్ప మీద పళ్ళెంలో చల్ల మిరపకాయలు ఎండుతున్నాయి చూడు. అవి ఏ సముద్రంలో పెరుగుతాయి?"

అందరూ ఒక్కసారి తలలెత్తారు. నేనూ కంగారుగా లేచాను, యూసుఫ్‌కి స్టూలు దొరికిపోయింది. ఎక్కి పళ్ళెం దించాడు.

"ఇది నా పళ్ళెమే!" అన్నాడు బుడాన్.

"మజ్జిగ చుక్క నీళ్ళలో పడితే ఏమవుతుందో తెలుసా మామ్మా?" అన్నాడు యూసుఫ్.

"ఎందుకు పడుతుంది? గట్టిగా పిండి, గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు పెట్టాను. మేడ మీద ఆరేస్తే కాయంతా బూజు. ఊరు మొత్తానికి ఎండ ఇక్కడొక్కచోటే ఉంది, అదీ రాళ్ళకి!"

రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. యేసుపాదం నవ్వలేక దవడ పట్టుకున్నాడు. యూసుఫ్ అట్టపెట్టె విప్పాడు.

"నేను ఆ దీపం తీసెయ్యడానికి రాలేదు మామ్మా. ఎల్‌ఈడీని దాని పక్కన బిగించడానికే వచ్చా. పొద్దునా సాయంత్రం ఇది, మధ్యాహ్నం కాసేపు అది. మీరు చెప్పినట్టే. అది చెబుదామంటే మీరు స్టూలు దిగరే!"

అందరూ నావైపే చూస్తున్నారు. నేను బుడాన్ పళ్ళెంలోకి చూశాను. ఓ కాయ నొక్కాను. లోపలింకా మెత్తగానే ఉంది.

"మధ్యాహ్నం కాసేపంటే ఎంతసేపబ్బాయ్? ఇప్పుడు పొద్దస్తమానం వెలుగుతోందిగా?"

"ఇకనుంచి భోజనాల వేళ ఓ రెండు మూడు గంటలే. అది చాలు వాటికి."

నేను మెల్లిగా స్టూలు నావైపు జరుపుకుని, కొంగు సర్దుకుని కూచున్నాను.

"యూసుఫూ, ఇలా రా నాయనా. నిన్న సాయంత్రం ఆ మూల పెద్ద పగడం నన్ను దగ్గరికి పిలిచి ఓ మాట చెప్పింది..."

యేసుపాదం ఆ దూదిని రెండు ముక్కలు చేసి, ఈసారి చెవుల్లో పెట్టుకున్నాడు.