సరంగు వెళ్ళాక చీపురు

నరసాపురంలో మామ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. వీడియో గేములు తయారుచేసే మనవరాలు పక్కనే కూర్చుని ఫోన్ పెట్టేసింది.

“నా గేముకి రెండో భాగం ఇక లేదు మామ్మా. ఆఖరి పబ్లిషరు కూడా వద్దన్నాడు.”

“అయితే ఆటలో మన లాంచీ సరంగు ఇంటికి రాడా?”

“రాడు. మొదటి భాగంలో వెళ్ళాడుగా, అంతే.”

“అదేంటే! దాని గతేంటి, ఆ పెళ్ళాంది?”

“అలా ఉండాల్సిందే. విడిపోయారని ఏడవడానికే జనం మొదటిది కొన్నారట, కలిపితే కొనరట. సరంగు చేతికి తుపాకీ ఇస్తే ఆలోచిస్తానన్నాడు ఆ పబ్లిషరు.”

“తుపాకీ పట్టుకుని లాంచీ ఎలా నడుపుతాడే? ఏదీ, వాడు వెళ్ళడం ఇంకోసారి చూపించు.”

మనవరాలు లాప్‌టాప్ తెరిచింది. లాంచీ గోదావరి మలుపు తిరిగింది. గుమ్మంలో పెళ్ళాం కళ్ళు తుడుచుకుని చీపురు అందుకుంది. మామ్మ చేట పక్కన పడేసింది.

“ఓసి నీ చదువు తగలెయ్యా! మనిషి గడప దాటగానే వాకిలి ఊడిపించావా? ఇంక వాడేం వస్తాడు!”

“ఊరికే నిలబెడితే బొమ్మలా ఉందని ఊడిపించాను. పబ్లిషరు దొరక్కపోవడానికి చీపురా కారణం?”

“వాళ్ళు చెప్పినదాని కంటే నయమైన కారణమే. తీసెయ్యి దాన్ని.”

“తీసేస్తాలే, అప్‌డేట్ పంపితే చాలు, ఒక పూట పని. కానీ సరంగు వస్తాడనుకుని, ఆడేవాళ్ళు ఉత్తినే ఎదురుచూస్తారు మామ్మా.”

“చూడనీవే. ఎదురుచూడ్డం వాళ్ళిష్టం. వెళ్ళినవాడి వెనకాలే ఊడ్చెయ్యకుండా ఉండటం మన మర్యాద.”