కంచె ఇవతలి రైలు

ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లు వేసి రిటైరైన పట్టాభిరామయ్య, తన బొమ్మ రైలు యార్డును చూపించడానికి షంటర్ సాయన్నను ఇంటికి పిలిచాడు. గూడ్స్ లైనులో సాయన్న వ్యాగన్లను విడదీసి తగిలిస్తుంటే, కంచె దగ్గర నిలబడి చూసిచూసి కట్టిన యార్డు అది.

“నిన్న దీనితో కూత వేయిస్తే చెక్‌పోస్టు దగ్గర కార్లన్నీ రైలు గేటు పడిందనుకుని ఆగిపోయాయి, సాయన్నా.”

“నువ్ చెప్తే ఆగుతయిలే అన్నా. జర నడిపియ్యి.”

“ఇదిగో, వెనక్కి నెడుతున్నా. వ్యాగన్ల మీద ఆ తుప్పు రంగు చూశావా? నిజం తుప్పే అనుకుని మా ఆవిడ కొబ్బరినూనె రాసింది.”

“మస్తుగుంది. అటు దిక్కుకెళ్లి గూడ చూస్త.”

“అటెందుకు? ఇక్కణ్ణించే బాగుంటుంది.”

సాయన్న అప్పటికే గోడవైపు వెళ్లి వంగి చూశాడు. 

“అన్నా, వ్యాగన్లు గిటు ఉత్త అట్టలే ఉన్నయేంది? రంగు లేదు, తలుపు లేదు.”

పట్టాభిరామయ్య చెవులు వేడెక్కాయి.

“సెట్లు వేసిన చెయ్యి కదా. కెమెరాకి కనబడే వైపే పూర్తి చేస్తాం. అవతల ఎవరుంటారులే అని వదిలేశా.”

“నేనుంటి గదన్నా. వ్యాగన్లకు కప్లింగ్ కొక్కెం ఏసేది గీ దిక్కుకెళ్లే.”

పట్టాభిరామయ్యకి ఇంకో కోత నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

“అటు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు, సాయన్నా.”

“అడిగితే చెప్పేటోణ్ణి గద. కంచె కాడ గన్ని చాయ్‌లు తాగినం.”

పట్టాభిరామయ్య రైలు ఆపాడు. ఇప్పుడైనా చెప్పమని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.