బావ కాల్లో సెంట్రింగ్

అది కాదు బావా, కాలు అలా దిండెక్కించి కూర్చుంటే ఎలా చెప్పు? నర్సమ్మ నడవమని వస్తే గుర్రు పెట్టి పడుకున్నావట. ఆవిడంటే నమ్మింది గానీ, నీ అసలు గుర్రు నాకు తెలీదా? పక్కింటివాళ్లు కూడా లేస్తారు.

ఆపరేషన్ బాగా జరిగిందనే కదా డాక్టరమ్మ చెప్పింది? తొడలో పాడైన రక్తనాళం ముక్క తీసేసి, ఆ చోట సన్నటి గొట్టం కుట్టారు. నీ ఒంట్లో కణాలే దాన్ని పట్టుకుని అల్లుకుంటాయట. కొత్త నాళం తయారై నిలదొక్కుకునేసరికి గొట్టం మెల్లగా కరిగిపోతుందట. అంత చెబితే నీకు వినపడింది ఒక్కటే ముక్క, కరిగిపోతుందని.

ఏంటీ, కాలు కింద పెడితే ఊడిపోతుందా? ఎవరన్నారు? ఆ పక్క మంచం ఆయనా? ఆయనకి తీసింది అపెండిక్స్ బావా.

సరే, ఒక్క మాట చెప్పు. ఇన్నేళ్లూ మేస్త్రీగా ఏం చేశావు? స్లాబ్ పోసేముందు సెంట్రింగ్ కట్టించావు, గట్టిపడ్డాక విప్పించావు. చెక్కలు తీసేస్తే కూలిపోదా అని ఇంటాయన కంగారు పడితే నవ్వేవాడివి. చివరి ఊత తీయగానే నువ్వే వెళ్లి స్లాబ్ నడిమధ్య కింద నిలబడి, నీ దగ్గర పనిచేసే మమ్మల్ని రమ్మనేవాడివి. అందరం వచ్చి నీ పక్కన నిలబడితేగానీ టీ తాగనిచ్చేవాడివి కాదు.

మరి నీ కాల్లో ఉన్నదీ అదేగా? పైగా దీన్ని విప్పడానికి మనుషులు కూడా అక్కర్లేదు, దానంతటదే పోతుంది.

ఇక్కడ నవ్వాలి బావా. అక్క ఉంటే నవ్వేది. బయట వరండాలో ఉంది. నీ ముందు ఏడవకూడదని అక్కడ కూర్చుని ఏడుస్తోంది. నువ్విలా కదలకుండా పడుకుంటే గొట్టంలో రక్తం గడ్డకట్టొచ్చని, అదే జరిగితే కాలే తీసేయాల్సి రావచ్చని డాక్టరమ్మ మాకు విడిగా చెప్పింది. నీకు చెప్పొద్దంది అక్క. చెప్పేశాను, తిడితే తిట్టనీ.

అలా చూడకు. భయం నీ ఒక్కడి సొత్తా? నీ స్లాబ్ కిందకి వచ్చిన ప్రతిసారీ పైకి చూసే ధైర్యం లేక నీ మొహమే చూస్తూ వచ్చేవాణ్ణి. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఇదిగో, నీ ఎదురుగానే నిలబడ్డాను. కాలి వంక చూడకు, నా మొహం చూడు. చూడ్డానికి ఏమంత బాగుండదు, తెలుసు. అయినా చూడు.

ఊఁ, దించు కాలు.