చరణం దగ్గర

మార్కాపురంలో కరపత్రాలు కొట్టే కంప్యూటర్ దుకాణంలో, తెర మీద పాట ఉండాల్సిన చోట తెల్లగా కనబడుతున్న ఖాళీని చూస్తూ టైపు కొట్టే అతను కొయ్యబారిపోయాడు. పక్క స్టూలు మీద అర్ధవీడు నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది.

“ఏంది నాయనా, అట్లయిపోయినావు?”

“పెదనాయన రాసిన కీర్తన పోయింది పెద్దమ్మా.”

“పోవడమేంది? బతికున్నప్పుడు ఆయన ఈడనే కూర్చోని నీతో కొట్టించినాడు గదా!”

“ఆ పాత ఫైల్లోంచి కట్ చేసి, సేవ్ చేసి మూసేసినా. రేపటి కరపత్రంలో పేస్ట్ కొడితే ఏమీ రాలేదు. ముందున్న సిస్టంలో ఫైలు మూసినా, కట్ చేసింది అట్లనే ఉండేది. ఫ్రీగా వస్తాదని ఎక్కించిన ఈ కొత్తదాంట్లో, మూస్తే దాంతోపాటే పోతాదంట. చేతికి పాత అలవాటు.”

“ఎట్లన్నా తియ్యి నాయనా. రేపు ఆయన పేరున పెట్టిన ఆదరణ కూడికలో సంఘమంతా అదే పాడాల.”

“అన్నీ చూసినా. నెట్‌లో కూడా అడిగినా. మూసేముందే పేస్ట్ చేసుకోవాల్సింది అంటున్నారు.”

అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

“పెద్దమ్మా, ఇంట్లో మీరిద్దరూ దినామూ పాడుకునేవాళ్లే గదా. నువ్వు పాడు, నేను కొడతా.”

ఆమె కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని పల్లవి అందుకుంది. అతని వేళ్లు ఆ గొంతు వెంటే పరిగెత్తాయి. పల్లవి అయిపోయింది.

“ఆగినావేంది?”

“చరణం ఎప్పుడూ ఆయనే ఎత్తుకునేవాడు నాయనా. నేను పల్లవి అందుకునేదాన్ని, అంతే.”

అతను కీబోర్డు మీంచి చేతులు తీయలేదు. ఆమె మళ్లీ పల్లవి పాడి, చరణం దగ్గర మళ్లీ ఆగింది.