ఇప్పనూనె పోసిన మోటారు

యుద్ధం అయిపోయాక మిలటరీ వాళ్ళు వదిలించుకున్న పాత లారీ ఒకటి భోపాలపట్నంలో పుల్లయ్య సావుకారు కొన్నాడు. ఆ సంగతి తెలిసినప్పట్నుంచి శ్రీరంగానికి కంటి మీద కునుకు లేదు. నలభై ఏళ్ళొచ్చాయి, పెళ్ళాన్ని పోషించే పని ఒక్కటీ నిలవలేదు, మిగిలిందల్లా నోరే. ఆ నోటితోనే లారీ డ్రైవరు కొలువు కొట్టేద్దామని సంత రోజు మధ్యాహ్నం వచ్చి పుల్లయ్య కొట్టు అరుగు మీద చాయ్ గ్లాసుతో కూర్చున్నాడు. లారీ తాళంచెవి పుల్లయ్య మొలతాడుకు వేలాడుతోంది. శ్రీరంగం మాట్లాడేది మనుషులతోనే అయినా చూపు మాత్రం దాని మీదే ఉంది.

"అన్నీ సరే గని, ఇంజిన్ నూనె మార్చుడు వచ్చునా నీకు?" అన్నాడు పుల్లయ్య.

అడక్కూడని మాటే అడిగాడు. శ్రీరంగం గ్లాసు పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

"నన్నా మామా అడిగేది? పదకొండేండ్ల కింద జమీందారు చుట్టం, చిన్నదొర, వేటకొచ్చిండు యాదికుందా? ఎర్ర మోటారు, ఇద్దరే కూసునేది, విలాయతిల పందేలల్ల ఉరికేది. దానికి నూనె మార్చింది ఎవరనుకున్నవ్? కింద బోల్టు విప్పిన, నల్లనూనె దింపిన, బోల్టు బిగించి కొత్తది పోసిన. నువ్వు గీ చాయ్ తాగినంత సేపు."

అక్కడ ఆగిపోయి ఉంటే అంతా నిజమే అయ్యేది. కానీ నూనె మాట వినగానే లోపల బియ్యం చెరుగుతున్న పుల్లయ్య భార్య అన్నపూర్ణమ్మకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఏం నూనె పోసినవ్?"

"అట్లడుగు అత్తమ్మా. పందెం మోటారుకు ఆముదమే పడ్తదని దొర డబ్బా ఇచ్చిండు. నేను ఊకుంటనా? వాసన జూసిన, వేళ్ళ నడుమ రాసి జూసిన, కాలిన రేకు మీద చుక్కేసి పొగ ఎటు పోతదో జూసిన. ఆముదం దండగన్న. నువ్వుల నూనె పల్చన. ఇప్పనూనె తెప్పించి, వెచ్చబెట్టి పోసిన. ఈ అడివిల తిరిగే మోటారు ఈ అడివి నూనెనే తాగాలె గద."

నిజానికి ఆముదం డబ్బా గతుకుల్లో బోర్లాపడి ఖాళీ అయింది. ఆ సంగతి శ్రీరంగం రెండేళ్ళు గుర్తుపెట్టుకుని తర్వాత సుఖంగా మరిచిపోయాడు.

అరుగు చివర ఇప్పగింజల గంప దించుకుని తూకం కోసం కూర్చున్న మనిషి తల ఎత్తాడు. పేరు హడ్మా. పామేడు అవతల్నుంచి రెండు రోజులు నడిచి వచ్చాడు.

"ఏ నెల?" అన్నాడు.

"పుష్యమాసం. చలి ఎముకలు కొరుకుతున్నది."

హడ్మా మళ్ళీ గింజల వైపు తల దించుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దింపిన నల్లనూనె భూమిల ఇంకలే. పొద్దుగూకేదాక అట్లనే, కన్ను తెరిసినట్టు నన్నే చూస్తున్నది. చీమ సుత దాని పక్కకు రాలే. ఇప్ప వాసనకు ఎలుగుబంట్లొచ్చినయ్, తొమ్మిది. మోటారు చుట్టూ కూసున్నయ్. నేను పోన్రి అన్న, పోయినయ్."

"నిరుడు చెప్పినప్పుడు నాలుగే" అంది అన్నపూర్ణమ్మ.

"నాలుగు పెద్దయి అత్తమ్మా. పిల్లలను అప్పుడు లెక్కబెట్టలే. విను, అసలుది ఇప్పుడున్నది. తెల్లారింది. మంచు. ఎసొంటి మంచంటే నా చెయ్యి నాకు కనిపించలే. మోటారు బంగళాకు తెమ్మని దొర గుర్రమెక్కి ముందే పోయిండు. నేను కంబళి కప్పుకుని ఎక్కి కూసున్న. ఇంజిన్ చాలు చెయ్యలే, హ్యాండిల్ సుత ముట్టలే. మల్ల చెప్తున్న, చాలు చెయ్యలే. మోటారు కదిలింది."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. కథ ఇక్కడికి వచ్చేసరికి శ్రీరంగానికి వీపు చల్లబడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మిగతాదంతా కోతలే కానీ ఈ భయం మాత్రం సొంతం.

"ఇంజిన్ చప్పుడు లేదు. మెత్తగ పోతున్నది. నా చుట్టూ ఊపిర్లు మామా. ఎడమ దిక్కు, కుడి దిక్కు. మనిషి కనిపించడు, ఊపిరి వినిపిస్తది. ఎండుటాకుల మీద అడుగులు, నేను ఊపిరి బిగబడితే అవి సుత మెల్లగైతయ్. గుట్ట వచ్చింది, ఎక్కింది. దిగింది. యాభై మైళ్ళ వేగం, కాదు, డెబ్భై."

"మంచుల వేగం ఎట్ల తెలిసింది?" అన్నాడు పుల్లయ్య, గొంతు తగ్గించి.

"చెవుల పక్క గాలినిబట్టి. వాగు వచ్చింది. వంతెన లేదు, పడవ లేదు. మోటారు ఆగలే. నేల ఇడిసి లేచింది. నీళ్ళ మీద పోయింది. నడుమ, మడుగు కాడ, ఒక్కసారి ఎడమకు ఒరిగింది. కింద నీళ్ళలకెల్లి ఒక గొంతు వచ్చింది. 'శ్రీరంగం, నీ అంతటోడు లేడు, పో' అన్నది. మల్ల సక్కగైంది. అవతల ఒడ్డుకు దిగి చక్రాలు ముట్టి చూసిన, తడి లేదు. మోటారు చుట్టూ చేతుల గుర్తులు. నలభై చేతులు."

పుల్లయ్య చెయ్యి మొలతాడు ముడి మీదికి వెళ్ళింది. వాగు దాటించినవాడు లారీ నడపలేడా అనుకున్నాడు కాబోలు. శ్రీరంగం అరుగు అంచుకు జరిగాడు.

"చక్రాలు తడవలే" అన్నాడు హడ్మా. "నిజమే. మేం తడవనియ్యలే."

అందరూ అటు తిరిగారు.

"పుష్యమాసంల ఇప్పనూనె నెయ్యి లెక్క గడ్డ కడ్తది. మా పిల్లలకు సుత తెలుసు. చాలు చెయ్యలే అంటివి, చేసినవ్. ఆ ఇంజిన్ అరిసిన అరుపు మా గుడిసెల దాక వినపడ్డది, తర్వాత బిగుసుకపోయింది. ఊరి మీద వెట్టి పడ్డది. ఇరవై మందిమి. గుట్ట మీదికి తాళ్ళు కట్టి గుంజినం. వాగుకాడ బొంగులు కట్టి భుజాలకెత్తుకున్నం. మీద కంబళి కప్పుకున్న మనిషి దిగలే."

శ్రీరంగం నవ్వబోయాడు. "అయితే దయ్యాలు కావంటవ్."

"కావు. ఎడమకు ఒరిగింది చూడు, అది మా అన్న. బుధ్రా. మడుగుల కాలు జారిండు. భుజాల మీద మోటారు, ఎవ్వరం చెయ్యియ్యలేకపోయినం. మూడో రోజు దొరికిండు."

అన్నపూర్ణమ్మ చేట పట్టుకుని గడప దగ్గరికొచ్చి నిలబడింది. హడ్మా తగువుకు రాలేదు, గింజలు అమ్ముకుందామని వచ్చాడు. అయినా లేచి వచ్చి శ్రీరంగం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నేను కుడి దిక్కున్న. నీళ్ళ చప్పుడుకు వాని మాట వినపడలే. నువ్వు వాని నెత్తి మీదనే కూసున్నవ్. గొంతు విన్ననంటివి. మా అమ్మ చచ్చేదాక అడిగింది, ఏమన్నడురా అని. ఏమన్నడు?"

శ్రీరంగానికి మాటలకు కరువెక్కడిది. అమ్మా అన్నాడని చెప్పొచ్చు, తమ్ముడిని పిలిచాడని చెప్పొచ్చు. హడ్మాకు ఊరట, తన మాటా కొంత నిలబడుతుంది. ఒక్కటీ నోరు దాటి రాలేదు. ఆ మంచులో, తన ఎడమ మోచేతి పక్కన, మోటారు తలుపు అంచును పట్టుకున్న నాలుగు వేళ్ళు గుర్తొచ్చాయి. తడిసి తెల్లబడిన వేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ వేళ్ళను ఒక్కసారి కూడా కథలోకి రానివ్వలేదు.

"'ఆపుండ్రి' అన్నడు" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నాకు వినపడ్డది. మోటారు పడిపోతదని, దొర చంపుతడని... ఆగొద్దు, పోన్రి అని నేనే అరిసిన."



"ఆ అరుపు విన్నం" అన్నాడు హడ్మా. "కంబళిల ఉన్నది దొర అనుకున్నం. దొర పొమ్మన్నడని నడిసినం."

లేచి తన గంప దగ్గరికి పోయాడు. పుల్లయ్య మొలతాడు ముడి మళ్ళీ బిగించుకుని, గింజలు తూయడానికి తక్కెడ తెచ్చాడు.