పద్నాలుగు మంది, మూడేసి నిమిషాలు

ఆదివారం పొద్దున చర్చి వదలగానే లాస్ కొమాస్ ఊరంతా రుఫీనా పాక దగ్గరే ఉంటుంది. ఆవిడ గోతిలో ఉడకబెట్టిన తలకాయ మాంసం, వేడి గోధుమ రొట్టెలు, కాఫీ ఉంటాయి. వాటితో పాటు ఉచితంగా దొరికేవి బాల్దోమేరో కోతలు. మెక్సికో సరిహద్దున సర్కారు కట్టబోయే గోడ గురించి పెట్టిన మీటింగుకి మా అందరి తరఫునా వెళ్లొచ్చినవాడు ఆయనొక్కడే కాబట్టి, మూడు వారాలుగా అదే కథ. ఆ రోజూ ఎవరూ అడక్కుండానే అందుకున్నాడు.

"నేనేం పెద్దగా చెయ్యలేదర్రా. గొప్పలు చెప్పుకోవడం మా ఇంటావంటా లేదు. మంగళవారం పదింటికి మీటింగ్ పెట్టారు, అదీ కర్బూజా కోత రోజుల్లో. పోతే కూలి పోతుందని మీరెవరూ రాలేదు. మనిషికి మూడు నిమిషాలు మాట్లాడొచ్చంటే, పద్నాలుగు ఇళ్లవాళ్లు చీటీల మీద పేర్లు రాసి నా చేతిలో పెట్టారు. నోరున్నవాడిదే రాజ్యం, మా నిమిషాలు కూడా నువ్వే వాడుకో మామా అన్నారు. సరే కదా అని పెళ్లినాటి కోటు తొడుక్కుని వెళ్లాను. వెళ్లి ఒక్కటే మాటన్నాను. అయ్యా, సరిహద్దు ఏరైతే మీరు గోడ ఏటి గట్టున కట్టడం లేదు, అరమైలు మా ఊళ్లోకి జరిపి కడుతున్నారు, మా శ్మశానం గోడకి అవతల పడుతుంది, మా ముప్పై ఒక్క సమాధులూ అటుపక్కే ఉండిపోతాయి, కాస్త పక్కకి జరపండి అన్నాను. ఒక గజం జరుపుతాం అన్నారు. అంతే."

"పోయిన వారం పది గజాలన్నావు," అన్నాడు మేకల ఎలియాసర్.

"పది గజాలు రెండో నిమిషంలోరా. ఇంకా మొదటి నిమిషంలోనే ఉన్నాం, తొందరపడకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హాల్లో నాలుగు వేల మంది. కిటికీల్లో కూడా మనుషులే. సర్కారు వకీలు లేచి, ఈ గోడ వల్ల లాభం ఎంతో తెలుసా అన్నాడు. ముందు ఖర్చెంతో చెప్పవయ్యా అన్నాను. మైలుకి రెండు కోట్ల డాలర్లు అన్నాడు. నేను వేళ్ల మీద లెక్కేశాను. అయ్యా, ఆ డబ్బుతో ఏరు దాటి వచ్చే ప్రతివాడికీ వాళ్ల ఊళ్లోనే డాబా కట్టించి, గుమ్మం ముందు పాడావుని కట్టేయండి, ఒక్కడొస్తే నా మీసం గొరిగించుకుంటా, ఇంకా మిగిలిన దాంతో మా ఊరి గతుకుల రోడ్డు వెయ్యండి అన్నాను. వకీలు చొక్కా తడిసిపోయింది."

"లాభం అసలే లేదంటే ఎట్లా మామా?" ఎలియాసర్ రొట్టె పక్కన పెట్టాడు. "మూడేళ్లలో నా మేకలు పదకొండు పోయాయి. మా మేనల్లుడికి సరిహద్దు కాపలా మీదే జీతం. వాడింట్లో నలుగురు తింటున్నారు."

"ఆ వకీలు కూడా అచ్చం ఇదే అన్నాడు. మేకల మాట తెచ్చాడు. నేనేమన్నానో తెలుసా? అయ్యా, ఎలియాసర్ మేకల్ని తోలుకెళ్లింది అవతలివాళ్లు కాదు, అతని సొంత బావమరిది, ఆ పెద్దమనిషి ఇల్లు గోడకి ఇవతలే ఉంటుంది అన్నాను."

అందరం నవ్వాం. ఎలియాసర్ మళ్లీ రొట్టె అందుకున్నాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"అప్పుడు వకీలు కింద పడిపోయాడు. వాషింగ్టన్‌కి ఫోన్ వెళ్లింది. తొమ్మిది నిమిషాల్లో విమానం జొన్న చేలో దిగింది, అందులోంచి ఒక జనరల్. నువ్వేనా బాల్దోమేరో అన్నాడు. నేనే కూర్చో అన్నాను. నా మాటలు వింటూ వింటూ ఒక్కొక్క పతకమే ఊడదీసి నా టోపీలో వేశాడు."

"ఏవీ ఆ పతకాలు?" అంది రుఫీనా, కాఫీ పోస్తూ.

"మోయలేక ఏట్లో పారేశానమ్మా. పతకాలదేముంది. అసలు చోద్యం విను. నేను మాట్లాడుతున్నది మైకులో కదా, ఆ మాటలు పక్క ఊరికి వినబడ్డాయి. అక్కడ అప్పటికే పాతేసిన ఇనుప స్తంభాలున్నాయా, అవి వణికాయి. ఒకటి పక్కదాని మీద ఒరిగింది, అది దాని పక్కదాని మీద. అట్లా సముద్రం దాకా ఇటు, కొండల దాకా అటు, రెండు వేల మైళ్ల గోడా సిగ్గుతో పడుకుంది. ఆ దుమ్ముకి మెక్సికో వైపు మూడు రోజులు పొద్దు పొడవలేదు. ఏరు ఉబ్బి తబ్బిబ్బై గట్టు మీద చేపలు గుమ్మరించింది. నేనింకా ఆపలేదు. పద్నాలుగు మంది నిమిషాలు కదా నా దగ్గరున్నవి, వృథా చేస్తానా? చివరికి శ్మశానంలోంచి మా ఒటీలియా లేచి, ఇంక చాల్లే, వాళ్లు బెదిరిపోతున్నారు, ఇంటికి పోయి ఏదన్నా తిను అంది. అప్పుడు ఆపాను."

భార్య పేరు చెప్పి ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆవిడ పోయి రెండేళ్లు. మేమంతా తలలు దించుకుని కాఫీ తాగాం.

హెర్లిందా ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. పాక గుంజకి ఆనుకుని నిలబడింది గాని ఏమీ తినలేదు. పెద్ద ఊళ్లో మీటింగులు జరిగే ఆ హాలు తుడిచే పని ఆమెది. ఆమె నాలుగేళ్ల కొడుకు ఫెర్మిన్ ఆ ముప్పై ఒక్క సమాధుల్లో ఒకదాన్లో ఉన్నాడు.

"నిన్న సాయంత్రం సర్వేవాళ్లు వచ్చారు," అంది. "మావాడి తల దగ్గర కొయ్య పాతారు. గోడ గీతకి గుర్తుగా దానికి గులాబీ రంగు రిబ్బను కట్టారు."

బాల్దోమేరో ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"ఆ మంగళవారం వెనక వసారా తుడుస్తున్నది నేనే బాల్దో. నువ్వు నన్ను చూడలేదు. హాల్లో నాలుగు వేల మంది లేరు, పదకొండు మంది ఉన్నారు. నిన్ను పిలిస్తే మైకు దగ్గరకు వెళ్లావు. ఒకరి చీటీ ఇంకొకరు వాడకూడదు, నీకున్నవి మూడు నిమిషాలే అన్నారు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, మీకు జరిగే నష్టం ఎన్ని డాలర్లో అంకె చెప్పండి రాసుకుంటాను అంది. నువ్వు నోరు తెరిచావు. గంట కొట్టేదాకా అట్లాగే నిలబడ్డావు. తర్వాత వచ్చేశావు."

పెనం మీద రొట్టె మాడుతున్నా రుఫీనా తిప్పలేదు.

"నిజమేనా మామా?" అన్నాడు ఎలియాసర్.

బాల్దోమేరో కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అంకె అడుగుతారనుకోలేదురా. చిన్నది చెబితే ఒటీలియాని అంతకి అమ్మేసినట్టు. పెద్దది చెబితే వీడు కోతలరాయుడు అంటారు. పుట్టి బుద్ధెరిగి ఎన్ని అంకెలు చెప్పానో మీకు తెలుసు. ఆ ఒక్కటీ నోట్లోంచి రాలేదు."

"తెలిసి ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావే?" అని రుఫీనా హెర్లిందాని అడిగింది.

"వినడానికి బాగుండేది అక్కా. వారం వారం ఆ గోడ కూలిపోతుంటే నాకూ హాయిగా ఉండేది."

నాకు ఆయన మీద కోపం రాలేదు, మా మీదే అసహ్యం వేసింది. కూలి పోతుందని ఇంట్లో కూర్చుని, మాటకారి కదా అని ఒక్క ముసలాణ్ని పంపిన వాళ్లం మేమే.

"నేను మాట్లాడినా ఆగేదా హెర్లిందా?" అన్నాడు బాల్దోమేరో. ఆయన కళ్లు ఆమెని బతిమాలుతున్నాయి.

"ఆగేది కాదు," అంది ఆమె. "కానీ నీ చేతిలో పద్నాలుగు చీటీలున్నాయి. వాటి మీద మా పేర్లున్నాయి. మూడు నిమిషాలు ఇచ్చారు కదా, ఆ పేర్లన్నా చదవాల్సింది."