కాలవ కట్టిన రెండు నెలలు

1936 ఎండాకాలం. పూడిక తియ్యడానికి ఏలూరు కాలవ కట్టేసి రెండు నెలలైంది, రేపు తెల్లారితే నీళ్ళు వదులుతారు. ఉంగుటూరు దగ్గర లాకుల్లో నేలకి ఆని కూర్చున్న, ఊరూరా తిరిగి పుస్తకాలిచ్చే పుస్తకాల పడవ మీద, పొద్దున్నే ఏలూరు నించి దిగిన లైబ్రేరియన్ తాతారావు, లాకు తలుపులెత్తే లస్కరు ముసలయ్య భార్య పెద్దింటమ్మని పట్టుకుని నిలదీస్తున్నాడు. ముసలయ్య మాత్రం పక్కనే గట్టు మీద, తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్నాడు.

"మళ్ళీ అడుగుతున్నాను. ఈ పుస్తకంలో ఇదేంటి?"

"పొలుసండి."

"పొలుసని నాకూ తెలుసు. పుస్తకంలోకి చేప పొలుసెలా వచ్చింది?"

"చేప తోముకుంటూ చదివితే పొలుసు రాక మల్లెపూవు వస్తుందాండి?"

"చదివితేనా? ఎవరు చదివితే?"

"నేనేనండి."

"నువ్వా! హాస్యాలాడకు పెద్దింటమ్మా."

"ఎండనపడి వచ్చారు. మజ్జిగ తెమ్మంటారా?"

"మజ్జిగ వద్దు, మాట తప్పించకు. తాళం మీ ఆయన చేతికిచ్చి ఏం చెప్పి వెళ్ళాను?"

"చెదలు పట్టకుండా చూడమన్నారు. పెట్టె తియ్యకుండా చెదలెలా చూస్తామండి?"

"తియ్యమన్నాను. చదవమన్నానా?"

"తీశాక మళ్ళీ మూసెయ్యడం నా వల్ల కాలేదండి."

"ఎన్ని చదివావేంటి?"

"అట్టడుగున పెద్ద పెట్టెలో ఉన్నవన్నీనండి. నలభై రెండు. ఇరవయ్యో సంవత్సరంలో అచ్చయినదాన్తో మొదలెట్టి, ఏడాది వరసని."

"ఆ పాత చెత్తా? పై అరలో నిన్న మొన్న అచ్చయినవి నవనవలాడుతుంటే?"

"కొత్తవాటికేం కరువండి! పడవ రేవుకి తగిలీ తగలగానే ఎగబడి పట్టుకుపోతారు. పాతవాటిని పలకరించే నాథుడేడీ? అవి అచ్చయిననాడు నాకు అక్షరం రాదు. నాకు అక్షరం వచ్చేసరికి అవి పాతబడిపోయాయి. అది నా తప్పాండి, వాటి తప్పా?"

"అక్షరాలెవరు నేర్పారు? మిషను బడివాళ్ళా?"

"పడవలండి."

"పడవలేంటి!"

"లాకుల్లోకొచ్చే ప్రతి పడవకీ ముక్కు మీద పేరు రాసుంటుంది గదండీ. ఇది బంగారురాజుగారిది, అది నాంచారమ్మ కొడుకులది అని నాకు ముందే తెలుసు. పేరు తెలిశాక అక్షరమెంతండి? ఏ ముక్క ఎక్కడుందో చూసుకోడమే. కాకపోతే నాలుగేళ్ళు పట్టింది."

"ఔరా! ... సరే, నీ సరదా తీరింది గదా. ఆ పెట్టె గట్టు మీదకి చేర్పించు. రేపు సోమరాజుగారు వస్తున్నారు. తాడేపల్లిగూడెంలో ఎవరో కొట్టాయన పొట్లాలకి అడిగాడు, తూకానికి వేసేస్తారు."

"ఇవ్వనండి."

"ఏంటీ?"

"ఇవ్వనన్నానండి."

"అది నీ బాబు సొత్తనుకున్నావా?"

"సోమరాజుగారి బాబు సొత్తు మాత్రం అవునాండి?"

"నోరు జాగ్రత్త! ఆయన మా గ్రంథాలయ సంఘానికి అధ్యక్షులు. పైగా కాలవ ఓవర్సీరు. మీ ఆయన ఉద్యోగం ఆయన చేతి కిందే ఉంది, మర్చిపోకు."

"మర్చిపోలేదండి."

"మూడేళ్ళుగా రిజిష్టరుకెక్కని పుస్తకాలు తీసెయ్యాలని తీర్మానమైంది. తీర్మానమంటే తీర్మానమే. నేను ఏడిచినా ఆగదు, నువ్వు ఏడిచినా ఆగదు."

"ఏడిచేదెవరండి? ఆ తీర్మానం కాగితం పెట్టె మూతకి మీరే అంటించి వెళ్ళారు. మొట్టమొదట దాన్నే చదివాను. మరి రిజిష్టరు చూశారా?"

"చూడ్డానికేముందక్కడ? ఈ పెట్టె జోలికి ఎవడొచ్చాడు గనక..."

"చూడండి ముందు."

"... ఓరి దేవుడా! నలభై రెండూ ఎక్కాయే! తేదీ, పుస్తకం పేరు, కింద పెద్దింటమ్మ, పెద్దింటమ్మ, పెద్దింటమ్మ! చివర ఒక పేజీ నిండా ఈ వేలిముద్రలేంటి?"

"విన్నవాళ్ళవండి. పూడిక కూలీలు. మధ్యాన్నం అన్నాలయ్యాక లాకు నీడన చదివి వినిపించేదాన్ని. ఇది యాకోబుది, ఇది ఎలీయాజరుది, ఈ అలుక్కుపోయింది మండవల్లి వరదానానిది."

"నువ్వు సంఘంలో సభ్యురాలివి కావు. వాళ్ళూ కారు."

"సభ్యులేమో చదవలేదు. చదివినవాళ్ళమేమో సభ్యులం కాము. ఇందులో సిగ్గుపడాల్సింది ఎవరండి? రిజిష్టరుకెక్కాలని రాశారు. సంతకమే ఉండాలని, చొక్కా తొడుక్కున్నవాళ్ళే చదవాలని ఆ కాగితంలో ఎక్కడా లేదు."

"అమ్మ బాబోయ్, ప్లీడరువి నువ్వు!"

"అన్నట్టు ముగ్గురన్నదమ్ముల నవల ఒకటుంది చూడండి, దాని చివరి ఆకులు చెదలు తినేశాయి. చిన్నవాడు ఇంటికి తిరిగొచ్చాడని వరదానం, రాలేదని ఎలీయాజరు. ఇద్దరూ పారలు పట్టుకుని లేచారు. ఆపలేక చచ్చాను. వచ్చాడాండీ?"

"ఎవరు?"

"చిన్నవాడండి. నవల్లో."

"నాకేం తెలుసు?"

"మీరు చదవలేదాండి?"

"పనులతో ... తీరిక చిక్కలేదు."

"అచ్చయి పదహారేళ్ళయింది, ఇన్నేళ్ళలోనూనాండి?"

"సరేలే, ఊరుకో. ఈ మొదటి ముద్ర పక్కన పేరు లేదేం?"

"ఎవడో ఆత్రగాడండి. నేను పేజీకి గీతలు గీసి పెట్టుకున్నాను, ఒక్క పేరైనా ఎక్కించకముందే వచ్చి వేసేసిపోయాడు. నువ్వా నువ్వా అని అందర్నీ అడిగాను. ఒక్కడూ ఒప్పుకోలేదు."

"ఊఁ. అన్నీ బాగానే ... ఆగు. ఈ దస్తూరీ..."

"మజ్జిగ తెమ్మంటారా?"

"ఆగమన్నానా! ఈ ముత్యాల్లాంటి అక్షరాలు నేనెక్కడో చూశాను. లాకు రిజిష్టర్లో! వచ్చిన పడవ, పోయిన పడవ, వేళ, సరుకు. ముసలయ్య దస్తూరీ చూసి నేర్చుకోండిరా అని సోమరాజుగారు మిగతా లస్కర్లకి చూపిస్తుంటారు. అది ముసలయ్య రాత కాదా?"

"మజ్జిగ..."

"పెద్దింటమ్మా!"

"మా ఆయనకి అక్షరమ్ముక్క రాదండి. రాయడం రానివాణ్ణి లస్కరు పనిలో ఉంచొద్దని ఆర్డరొచ్చిన కాణ్ణించీ నేనే రాస్తున్నాను. తలుపులెత్తేది ఆయన, రాసేది నేను. ఇన్నేళ్ళలో ఒక్క పడవ తప్పిందాండి?"

"తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ పిచ్చిదానా, రేపు సోమరాజుగారు ఈ పేజీ తిప్పగానే పోల్చేస్తారు! ఇంకోలా గిలికెయ్యకపోయావా?"

"నాకున్నది ఒక్క దస్తూరీయేనండి. పడవలు లెక్కబెట్టుకునే మనిషి పుస్తకాల పేర్ల కాడ ఆగుతాడనుకోలేదు."

"నేను తిరగరాద్దామన్నా పేజీలకి అంకెలూ సీళ్ళూ ఉన్నాయి. ముద్రలేసినవాళ్ళు నిన్ననే ఊళ్ళకి పోయారు. ... పోనీ ఒకటి చేద్దాం. రేపు తెల్లారి కాలవకి నీళ్ళు వదలగానే రిజిష్టరు అందులో పడి నానిపోయిందంటాను. తిట్లేవో నేను పడతాను. మీ ఆయన ఉద్యోగం నిలుస్తుంది."

"పుస్తకాలో?"

"పోతాయి."

"నలభై రెండూనా?"

"రిజిష్టరు అలా లాక్కుని గుండెకి హత్తుకుంటే ఏం లాభం? రెండు వైపులా దక్కదు పెద్దింటమ్మా. పుస్తకాలో, ఉద్యోగమో."

"చదివిందాన్ని నేను. రాసిందాన్ని నేను. నా ఒక్కదాని మీద పడేదైతే సోమరాజుగారి ఎదురుగా నిలబడి, ఇంకో నలభై రెండు తెప్పించండి బాబూ అని అడుగుదును. భయమేంటండి నాకు? కానీ..."

"కానీ?"

"ఉద్యోగం నాది కాదు గదండీ. ఆయనది. పద్దెనిమిదేళ్ళ కొలువు. ఆ మనిషికి ఈ పుస్తకాల గోలే పట్టదు. నేను చదివినన్నాళ్ళూ అదిగో, అలాగే తువ్వాలు కప్పుకుని నిద్రపోయేవాడు. తనకి అక్కర్లేనిదాని కోసం ఆయన కూడు తీసెయ్యడానికి నేనెవర్తిని? ... తీసుకోండి. నానబెడతారో, నిప్పే పెడతారో మీ ఇష్టం. నేను చూడలేను."

"ఏడవకు. మంచి పని చేస్తున్నావు. ఇలా ఇయ్యి."

"ఇవ్వకే."

"ముసలయ్యా! నిద్ర లేచావా?"

"పోతే గదండీ లేవడానికి. రెండు నెలలై మధ్యాన్నం కన్ను మూస్తే ఒట్టు. మొహం మీద గుడ్డ తీస్తే అది నా వంక చూసి సిగ్గుపడి, చదవడం ఆపేస్తుందని..."

"మావా, నువ్వూరుకో. నీకు తెలీదు. రేపు ఓవర్సీరుగారు ఆ పేజీ చూశాడంటే..."

"చూస్తాడనే గదే ఆ పని చేసింది. పెళ్ళాం రాత నా రాతని చెప్పుకు తిరిగాను ఇన్నేళ్ళూ. ఇంక చాలు. ఉద్యోగం పోతే పోనీ, కొల్లేరెక్కడికీ పోలేదు. వల విసరడం నేనేం మర్చిపోలేదు."

"ఏ పని మావా? ఏం చేశావు?"

"పేరు లేని ఆ మొదటి వేలిముద్ర నాదేనే. పక్కన నా పేరు రాయి."